నూతి నీళ్లలో పెట్రోలు వాసన వస్తే: పరీక్షకు దరఖాస్తు విధానం

విజయనగరం కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక దగ్గర ఒక పెద్దావిడ కూల్‌డ్రింకు సీసాలో నూతి నీళ్లు పట్టుకుని నిలబడటం చూశాను. మూత తీయగానే పెట్రోలు వాసన గుప్పుమంది. నీటి మీద రంగురంగుల తెట్టు కదులుతోంది. ఆవిడ చేతిలోని ప్రయోగశాల నివేదికలో మాత్రం నీరు తాగడానికి యోగ్యమని ఉంది. ఆ కాగితం ఇప్పించినందుకు ఒక మధ్యవర్తి ఆవిడ దగ్గర డబ్బు కూడా తీసుకున్నాడు.

ఆ నివేదిక అబద్ధం కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కిడ్నీ జబ్బుల మూలంగా నీటి పరీక్ష అన్న మాట శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అందరికీ తెలిసిందే గానీ, మామూలు తాగునీటి పరీక్షలో చూసేవి ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు, కాఠిన్యం, ఫ్లోరైడ్, నైట్రేట్, బ్యాక్టీరియా వంటివే. ఇంధనం జాడ తెలియాలంటే మినరల్ ఆయిల్ (ముడిచమురు నుంచి వచ్చే నూనె)తో పాటు పెట్రోలులో ఉండే బెంజీన్, టోలుయీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్‌లకు విడిగా పరీక్ష చేయాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012 మినరల్ ఆయిల్‌కు లీటరుకు 0.5 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు 0.01 మిల్లీగ్రాము.

అందువల్ల అర్జీలో విషయం రాసే ఆ ఒక్క వాక్యం దగ్గరే జాగ్రత్త పడాలి. ‘తాగునీరు బాగోలేదు’ అని రాస్తే అర్జీ తాగునీటి విభాగానికి వెళ్లి, మామూలు పరీక్షతో ముగిసిపోయే అవకాశం ఎక్కువ. ‘ఇంధనం లీకై భూగర్భ జలం, నేల కలుషితమైనట్లు అనుమానం, 1974 నీటి కాలుష్య నివారణ చట్టం 21వ సెక్షన్ కింద కాలుష్య నియంత్రణ మండలి అధికారి స్వయంగా వచ్చి నమూనా తీయవలసిందిగా మనవి’ అని రాసి, పైన చెప్పిన రసాయనాల పేర్లు కూడా చేర్చండి. సర్వే నంబరు, నూతి లోతు, దగ్గరలోని పెట్రోలు బంకు నుంచి దూరం, వాసన మొదట తెలిసిన తేదీ ఉంటే చాలు. కలెక్టరుకు ఇచ్చి, ఒక ప్రతిని మండలి ప్రాంతీయ కార్యాలయానికి, మరొకటి విశాఖపట్నంలోని పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ కార్యాలయానికి పంపండి. అర్జీకి రుసుము లేదు, మధ్యవర్తి అవసరం అంతకన్నా లేదు. రసీదు నంబరు మాత్రం తప్పకుండా అడిగి తీసుకోండి.

మీరు పట్టుకెళ్లిన సీసా ఆధారంగా నిలవడం కష్టం. బెంజీన్ గాలిలోకి ఇట్టే ఎగిరిపోయే పదార్థం కాబట్టి, సగం నింపిన ప్లాస్టిక్ సీసా ప్రయోగశాలకు చేరేసరికి అందులో ఉన్నదానికన్నా తక్కువే తేలుతుంది. సరైన నమూనాను చిన్న గాజు సీసాలో అంచు దాకా నింపి, మూత బిగించి తలకిందులు చేసి, గాలి బుడగ ఒక్కటి కూడా లేదని చూసి, మంచులో పెట్టి తీసుకెళ్తారు. అధికారి వచ్చిన రోజు మీరు దగ్గరుండి ఈ బుడగ సంగతి చూసుకోండి, అడగడానికి మొహమాటపడకండి.

నీరు బాగానే ఉన్నా ఇంట్లో వాసన వస్తుంటే నేలలోని ఇంధన ఆవిరిని పరీక్షించమని వేరుగా కోరాలి, ఎందుకంటే నీటి నమూనాకు వచ్చేవారు దానికి కావలసిన సామగ్రి తెచ్చుకోకపోవచ్చు. నేలలోకి సన్నని గొట్టం దింపి, మట్టి రేణువుల మధ్యనున్న గాలిని మెల్లగా స్టీలు డబ్బాలోకి లాగుతారు. తుపాను వాన పడిన వెంటనే ఇది చేయిస్తే రంధ్రాలు నీటితో నిండిపోయి ఆవిరి తక్కువ చూపిస్తుంది. నేల ఆరే దాకా ఆగమని అర్జీలోనే రాయవచ్చు.

2025 జూలైలో కేంద్రం ప్రకటించిన కలుషిత స్థలాల నిర్వహణ నియమాల ప్రకారం, ప్రజల ఫిర్యాదు మీద కూడా స్థానిక సంస్థ లేదా జిల్లా యంత్రాంగం అనుమానిత స్థలాన్ని గుర్తించవచ్చు. ఆ సమాచారం అందాక మండలి 90 రోజుల్లో ప్రాథమిక అంచనా వేయాలి. కలుషితమని తేలితే శుద్ధి ఖర్చు బాధ్యులదే. ఫలితం మీకు చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో నివేదిక నకలు అడగండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఆ రుసుము కూడా లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తరువాతి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి.

ఈలోగా ఆ నీటిని తాగడానికీ వంటకూ వాడవద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు కనుక నూతి అడుగున నిలిచిపోతుంది. లోపలికి చూద్దామని అగ్గిపుల్ల గీయడం, మనిషిని దింపడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి.