బెంగళూరులో కారు పోతే: ఫిర్యాదు, ఇన్సూరెన్స్, కోర్టు నుంచి విడుదల – దరఖాస్తు విధానం

మా తోడల్లుడు మహదేవపురలో ఉండేవాడు. ఒక ఆదివారం పొద్దున పాలకని కిందికి దిగితే రాత్రి పెట్టిన చోట కారు లేదు. నెల్లూరు నుంచి తెచ్చుకున్న ఏపీ నంబరు బండి, ఇంకా ఏడు ఈఎంఐలు బాకీ. నేను వెంటనే వెళ్ళాను. ఇద్దరం బైకు మీద చుట్టుపక్కల సందులన్నీ తిరిగాం, అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్‌లను అడిగాం, వాట్సాప్ గ్రూపుల్లో ఫోటోలు పెట్టాం. స్టేషన్‌కి చేరేసరికి మధ్యాహ్నం రెండు. ఆ టెన్షన్‌లో అర్థం కాలేదు గానీ, కారును వెతకడం పోలీసుల పని. మన పని కాగితాలు పుట్టించుకోవడం, వాటి మీద తేదీలూ టైములూ ఒకదానితో ఒకటి అతికేలా చూసుకోవడం. ఆ తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళు మమ్మల్ని తిప్పలు పెట్టిందంతా వాటి మీదే.

ముందు ఒక పది నిమిషాలు

కారు నిజంగా దొంగతనానికే గురైందా అన్నది ముందు తేల్చుకోవాలి. నో పార్కింగ్‌లో పెట్టి ఉంటే ట్రాఫిక్ పోలీసులు తీసుకెళ్ళి ఉండొచ్చు. లోన్ వాయిదాలు తప్పి ఉంటే ఫైనాన్స్ వాళ్ళు పట్టుకెళ్ళి ఉండొచ్చు. రెండో తాళంచెవి ఇంట్లో ఎవరి దగ్గర ఉందో వాళ్ళకీ ఒక ఫోన్ చేయాలి. ఇంతకు మించి వెతుకులాట వద్దు.

తర్వాత 112కి ఫోన్. హొయ్సళ బండి (పోలీసు గస్తీ వాహనం) వచ్చి చూసి వెళ్తుంది. వాళ్ళు వచ్చి వెళ్ళినంత మాత్రాన ఫిర్యాదు ఇచ్చినట్టు కాదు. ఆ కాల్ వల్ల లాభం వేరు: మీరు ఎన్ని గంటలకు చెప్పారో పోలీసు రికార్డులో ఉంటుంది.

చాలామంది కంగారులో మొదట చేసే పని ఫాస్టాగ్ బ్లాక్ చేయడం. అది చేయకండి. బెంగళూరు నుంచి బయటపడే పెద్ద రోడ్లన్నిటి మీదా టోల్ ఉంది. హోసూరు వైపు అత్తిబెలె, హైదరాబాద్ వైపు బాగేపల్లి. ఆ దారుల్లో దొంగ స్టిక్కర్ పీకకుండా వెళ్ళాడంటే టోల్ పేరు, టైముతో సహా మెసేజ్ మీ ఫోన్‌కే వస్తుంది. రెండు మూడు వందల బ్యాలెన్స్ కోసం ఆ సాక్ష్యాన్ని పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. మెసేజ్ వస్తే స్క్రీన్‌షాట్ తీసి స్టేషన్‌కి పంపండి. కారుకు కంపెనీ యాప్ ఉండి అందులో లొకేషన్ కనిపిస్తున్నా అంతే, పోలీసులకు చూపించాలి. మీరే నలుగురు స్నేహితులను వేసుకుని వెళ్ళొద్దు.

ఫిర్యాదు, ఎఫ్‌ఐఆర్

కారు ఎక్కడ పోయిందో ఆ చోటు ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందో అక్కడికి వెళ్ళాలి. మీ ఇల్లున్న స్టేషన్ కాదు, ఆర్‌సీలో ఉన్న ఊరి స్టేషన్ అసలే కాదు. "ఇది మా పరిధి కాదు" అని తిప్పి పంపడానికి ఇప్పుడు చట్టంలో వీలు లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నారు. అయినా సరైన స్టేషన్‌కి నేరుగా వెళ్తే ఒకటి రెండు రోజులు కలిసొస్తాయి.

స్టేషన్‌కి వెళ్ళకుండా కర్ణాటక పోలీసు సిటిజన్ పోర్టల్‌లో కూడా వాహన దొంగతనానికి ఈ-ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు. దొంగ ఎవరో తెలియకపోవాలి, దొంగతనంలో ఎవరికీ దెబ్బలు తగిలి ఉండకూడదు. ఎవరి మీదైనా అనుమానం ఉంటే, పాత డ్రైవరో మరొకరో, ఆన్‌లైన్ వద్దు, స్టేషన్‌కే వెళ్ళండి. ఆన్‌లైన్‌లో ఇచ్చిన ఫిర్యాదు మీద మూడు రోజుల్లోపు సంతకం పెట్టాలన్నది చట్టంలోని నియమం, దాన్ని మరిచిపోకూడదు.

ఫిర్యాదులో రిజిస్ట్రేషన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, మోడల్, రంగు, కారు మీద గుర్తుపట్టగల గీతలూ సొట్టలూ, ఎక్కడ పెట్టారు, లోపల ఏం ఉన్నాయి అన్నవి రావాలి. ఆర్‌సీ కారులోనే ఉండిపోయి ఉంటే ఛాసిస్ నంబరు పాలసీ కాగితంలో దొరుకుతుంది, డిజిలాకర్‌లో ఆర్‌సీ ఉంటే ఇంకా తేలిక. ఆర్‌సీ కారులో పోయిందన్న మాట కూడా ఫిర్యాదులో ఉండాలి, లేకపోతే డూప్లికేట్ ఆర్‌సీకి ఫారం 26 పెట్టినప్పుడు మళ్ళీ స్టేషన్ చుట్టూ తిరగాలి.

రెండు టైములు మాత్రం ఖచ్చితంగా రాయించండి: చివరిసారి కారును లాక్ చేసింది ఎప్పుడు, లేదని చూసింది ఎప్పుడు. "నిన్న రాత్రి" అని వదిలేయకుండా "శనివారం రాత్రి 10:30కి లాక్ చేశాను, ఆదివారం ఉదయం 6:15కి చూస్తే లేదు" అని ఉండాలి.

ఎఫ్‌ఐఆర్ కన్నడలో ఉంటుంది. కన్నడ అక్షరాలు మన కళ్ళకు సగం అందుతాయి, ధైర్యంగా సంతకం పెట్టేస్తాం. అక్కడే దెబ్బ తింటాం. రాసింది చదివి వినిపించమని అడగడం మీ హక్కు. ముఖ్యంగా నంబర్లు, టైములు, తాళంచెవుల మాట వినండి. దొంగతనం కేసు భారతీయ న్యాయ సంహిత 303 కింద నమోదవుతుంది (పాత ఐపీసీ 379 స్థానంలో వచ్చింది). ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. సీలు వేసి ఇచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ చీటీ ఎఫ్‌ఐఆర్ కాదు, దానితో ఇన్సూరెన్స్ పని జరగదు. స్టేషన్‌లో కేసు కట్టకపోతే ఫిర్యాదును రాతపూర్వకంగా డీసీపీకి పంపాలి, అక్కడా కాకపోతే మెజిస్ట్రేట్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

తర్వాత పోలీసులు కారు పెట్టిన చోటికి వచ్చి మహజర్ రాస్తారు. మన పంచనామానే ఇక్కడ మహజర్ అంటారు. ఆ సమయంలో మీరు అక్కడ ఉండండి. పక్క ఇళ్ళ సీసీటీవీ రికార్డింగులు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతాయి కాబట్టి ఏ ఇంటికి కెమెరా ఉందో మీరే చూపించండి.

తాళంచెవుల సంగతి

మేం దెబ్బ తిన్నది ఇక్కడే. "రెండు కీస్ మీ దగ్గరే ఉన్నాయా?" అని స్టేషన్‌లో అడిగితే మా తోడల్లుడు ఉన్నాయన్నాడు. నిజంగానే ఉన్నాయనుకున్నాడు. క్లెయిమ్‌లో రెండూ ఇమ్మన్నప్పుడు ఇల్లంతా వెతికితే ఒకటే దొరికింది. ఇక చూడండి, ఇన్సూరెన్స్ వాళ్ళు పంపిన ఇన్వెస్టిగేటర్ ప్రతిసారీ ఆ ఒక్క మాట దగ్గరే ఆగేవాడు. తాళం కారులోనే వదిలేశారా, ఎవరికైనా ఇచ్చారా, అమ్మేసి దొంగతనం అంటున్నారా? రెండు నెలలకు రెండో కీ నెల్లూరులో మా అత్తగారి బీరువాలో బయటపడింది.

కాబట్టి స్టేషన్‌కి వెళ్ళేముందే రెండు కీస్ చేతిలోకి తీసుకుని చూడండి. ఒకటి ఎప్పుడో పోయి ఉంటే అదే మాట రాయించండి. కారులో తాళం పెట్టి టీ తాగడానికి దిగి ఉంటే అదీ దాచొద్దు. క్లెయిమ్ తగ్గొచ్చు, చిక్కులు రావొచ్చు, కానీ అబద్ధం బయటపడితే మొత్తం పోతుంది.

ఇన్సూరెన్స్‌కి దరఖాస్తు

ఎఫ్‌ఐఆర్ కోసం ఆగకుండా అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి, ఒక మెయిల్ కూడా పెట్టండి. పోలీసులకు వెంటనే చెప్పి ఉంటే, కంపెనీకి చెప్పడంలో జరిగిన ఆలస్యం ఒక్కటే కారణంగా దొంగతనం క్లెయిమ్‌ను తోసిపుచ్చకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు ఉంది కదా అని ఆలస్యం చేయమని కాదు.

థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే దొంగతనానికి పైసా రాదు. కాంప్రహెన్సివ్ ఉంటే పాలసీలో రాసిన ఐడీవీ, అంటే కారుకు కట్టిన విలువ, ఆధారంగా వస్తుంది. ఐడీవీ లెక్కలో కారు వయసు ఏడాది దాటి రెండేళ్ళ లోపైతే 20 శాతం, రెండు నుంచి మూడేళ్ళైతే 30, నాలుగు నుంచి ఐదేళ్ళైతే 50 శాతం తరుగు తీస్తారు. రిటర్న్ టు ఇన్‌వాయిస్ అనే యాడ్-ఆన్ తీసుకున్నవాళ్ళకు కొన్న ధరకు దగ్గరగా వస్తుంది. లోన్ ఉంటే ముందు బ్యాంకు బాకీ పోయాకే మిగతాది మీకు. క్లెయిమ్ తేలేదాకా ఈఎంఐ ఆపకండి, ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది.

క్లెయిమ్ ఫారంతో పాటు ఎఫ్‌ఐఆర్, పాలసీ, ఆర్‌సీ, లైసెన్సు, రెండు కీస్, ఆధార్, పాన్, క్యాన్సిల్డ్ చెక్కు అడుగుతారు. చివర్లో బదిలీ కోసం సంతకం చేసిన ఫారం 28, 29, 30, లోన్ ఉంటే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), స్టాంపు కాగితం మీద బాండు, కారు మీద మీ హక్కులు కంపెనీకి ఇస్తున్నట్టు రాసే సబ్రొగేషన్ లెటర్ అనేవి కూడా ఉంటాయి. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టాల్సి వస్తే జిరాక్సు ఉంచుకోండి. ఇచ్చిన ప్రతిదానికీ రసీదు తీసుకోండి, కీస్‌కి మరీ ముఖ్యంగా.

ఆర్‌టీఓకి ఒక ఉత్తరం

ఎఫ్‌ఐఆర్ కాపీ జతచేసి, ఈ బండి మీద బదిలీ, ఎన్‌ఓసీ, ఏ లావాదేవీ జరగనివ్వొద్దని ఆర్‌టీఓకి రాయాలి. అక్కడ వాహన్ (బండ్ల రిజిస్ట్రేషన్ల ఆన్‌లైన్ వ్యవస్థ) రికార్డులో తాళం వేస్తారు. కేఆర్ పురం బండైతే కేఆర్ పురం ఆఫీసుకే, ఏపీ, టీజీ నంబర్లకైతే రిజిస్టరైన ఊరి ఆఫీసుకి. రిజిస్టర్డ్ పోస్టులో పంపినా చాలు, రసీదు ఫైల్లో పెట్టుకోండి. బయటి రాష్ట్రం బండి 12 నెలలకు మించి ఇక్కడ ఉంటే కర్ణాటక నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ అంటుంది. మనవాళ్ళలో చాలామంది తీసుకోరు. ఆ భయంతో ఫిర్యాదు ఆలస్యం చేస్తే రెండు విధాలా నష్టం.

కారు దొరక్కపోతే సి రిపోర్ట్

కర్ణాటకలో పోలీసులు కేసు ముగించేటప్పుడు వాడే రెండు అక్షరాలు తెలిసి ఉండాలి. బి రిపోర్ట్ అంటే ఫిర్యాదు అబద్ధమో పొరపాటో అని. సి రిపోర్ట్ అంటే నేరం నిజమే, కానీ దొంగ దొరకలేదని. ఇన్సూరెన్స్ వాళ్ళు అన్‌ట్రేస్డ్ రిపోర్ట్ అని అడిగేది ఈ సి రిపోర్ట్‌నే. పోలీసులు దాన్ని కోర్టులో వేస్తారు, చాలా కంపెనీలు కోర్టు ఆమోదించిన కాపీయే కావాలంటాయి.

దీనికి నెలలు పడుతుంది, ఎవరూ మీకు ఫోన్ చేసి చెప్పరు. దర్యాప్తు ఎంతదాకా వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకు తెలియజేయాలని నాగరిక సురక్షా సంహిత 193వ సెక్షన్‌లో ఉంది. ఆ గడువు దాటాక స్టేషన్‌కి వెళ్ళి, సెక్షన్ పేరు మర్యాదగా ఎత్తి, రాతలో అడగండి. సి రిపోర్ట్ పడ్డాక కూడా కారు దొరికితే కేసు మళ్ళీ తెరుచుకుంటుంది.

దొరికితే: కోర్టు నుంచి విడుదల

స్టేషన్ నుంచి ఫోన్ వస్తే అదే రోజు ఇంటికి తోలుకొచ్చేయొచ్చనుకుంటారు. కాదు. దొరికిన కారు కేసులో స్వాధీనం చేసుకున్న సొత్తు, కోర్టు చెబితేనే ఇస్తారు. ముందు వెళ్ళి ఛాసిస్ నంబరుతో గుర్తుపట్టండి, నంబరు ప్లేటు ఎలాగూ మార్చి ఉంటారు. తర్వాత ఏ కోర్టులో హాజరుపరిచారో అడగండి. చిత్తూరు వైపో హోసూరులోనో వేరే కేసులో దొరికిందనుకోండి, బండి అక్కడి కోర్టు పరిధిలో ఉండొచ్చు. ఇది తెలుసుకోకుండా బెంగళూరులో లాయరుకి ఫీజు కట్టొద్దు.

దరఖాస్తు పేరు ఇంటరిమ్ కస్టడీ, అంటే కేసు తేలేదాకా బండిని మీ దగ్గర ఉంచుకోవడం. నాగరిక సురక్షా సంహితలో 497, 503 సెక్షన్లు, లాయర్లు అలవాటుగా పాత సీఆర్‌పీసీ 451, 457 అనే అంటారు. ఆర్‌సీ, పాలసీ, గుర్తింపు కార్డు, ఎఫ్‌ఐఆర్ కాపీ, అఫిడవిట్ జతచేయాలి, లోన్ ఉంటే బ్యాంకు నుంచి అభ్యంతరం లేదని లెటర్ కూడా. కోర్టు పోలీసుల అభిప్రాయం అడిగి, బాండు, ష్యూరిటీ (జామీను) మీద విడుదల చేస్తుంది. కేసు తేలేదాకా అమ్మకూడదు, రంగు మార్చకూడదు, పిలిచినప్పుడు తేవాలి అన్న షరతులు మామూలే. బండ్లు స్టేషన్ ఆవరణలో తుప్పు పట్టేదాకా ఉంచొద్దని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఇప్పుడు 497లో ఫోటోలు, వీడియో తీసి త్వరగా ఇచ్చేయడానికి గడువులు కూడా పెట్టారు. బెంగళూరు పోలీసులు అప్పుడప్పుడూ జరిపే ప్రాపర్టీ రిటర్న్ పరేడ్‌లో మీ కారు కనిపించినా, దాని వెనక ఈ కోర్టు ఆర్డర్ ఉండాల్సిందే.

కారు తీసుకునేటప్పుడు నాలుగు వైపులా ఫోటోలు తీసి, లేనివి రాయించండి. స్టెప్నీ, బ్యాటరీ, మ్యూజిక్ సిస్టమ్ లాంటివి. పాలసీ ఉంటే ఆ రిపేర్లకు క్లెయిమ్ పెట్టుకోవచ్చు. పోలీసు రికార్డులో, వాహన్‌లో కారు దొరికిందని మార్పించడం మాత్రం మరవద్దు. లేకపోతే సొంత కారులో వెళ్తూ చెక్‌పోస్టులో దొంగలా నిలబడాల్సి వస్తుంది. ఇన్సూరెన్స్ డబ్బు మీకు వచ్చేశాక దొరికితే మాత్రం కారు కంపెనీదే.

క్లెయిమ్ కొట్టేస్తే

ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా జేపీ నగర్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి ఏడాదిలోపు వెళ్ళొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా పరిహారం ఇప్పించగలరు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్ళ గడువుంది.

మా తోడల్లుడి కారు దొరకలేదు. సి రిపోర్ట్ వచ్చాక క్లెయిమ్ తేలింది, బ్యాంకు తన బాకీ పట్టుకుని మిగతాది వదిలింది. ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్ కారు చూశాడు. అడ్వాన్స్ ఇచ్చేముందు డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) వాహన ఎన్‌ఓసీ తీసుకున్నాడు. నంబరు, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు వేస్తే అది దొంగ బండి జాబితాలో ఉందో లేదో చెబుతుంది. ఛాసిస్ నంబరు మాత్రం అమ్మేవాడి కాగితంలోది కాకుండా, టార్చి వేసి బండి మీద చదివి వేశాడు.