సెమిస్టర్ సెలవుల్లో యూరప్ చుట్టొద్దామనుకునే బ్యాచ్‌కి

జర్మనీలో వేసవి సెమిస్టర్ క్లాసులు జులైలో అయిపోతాయి. పరీక్షలు ఇంకా మిగిలుండగానే అక్కడ చదివే మనవాళ్ల ఫోన్లలో కొత్త వాట్సాప్ గ్రూపు ఒకటి మొదలవుతుంది. ప్రాగ్, వియన్నా, వెనిస్, రోమ్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్. ఆరుగురో ఎనిమిది మందో "నేనూ వస్తా" అంటారు. ఒకరు బస్సు రేట్లు పెడతారు, ఒకరు హాస్టల్ లింకులు పెడతారు, ఇంకొకరు ఈఫిల్ టవర్ ముందు ఏ డ్రెస్ బాగుంటుందో అడుగుతారు. ఎవరి వీసా ఎప్పటివరకు ఉందని మాత్రం ఎవరూ అడగరు.

పదిమంది చేతిలో పాము చావదంటారు. గ్రూపు ట్రిప్పుల్లో జరిగే నష్టాల్లో చాలావరకు ఈ లెక్కలోవే. టికెట్ వాడు తీశాడనుకున్నా, బ్యాగు నువ్వు చూస్తున్నావనుకున్నా, మెట్రోలో అందరూ ఎక్కేశారనుకున్నా. ఒంటరిగా తిరిగేవాళ్లకు ఈ 'అనుకున్నా' ఉండదు. అందుకే బయల్దేరే ముందే పనులు పంచుకోండి. టికెట్లు, బుకింగులు ఒకరివి. డబ్బు లెక్క ఒకరిది, ఏ రోజుది ఆ రోజే యాప్‌లో ఎక్కించాలి. ఎక్కిన చోట, దిగిన చోట తలలు లెక్కపెట్టడం ఇంకొకరి పని. ఈ మూడో పని వినడానికి స్కూలు పిక్నిక్‌లా ఉంటుంది, చాలామంది నవ్వేస్తారు. రోమ్ టెర్మినీ స్టేషన్‌లో రాత్రి పదకొండింటికి ఒకరు తక్కువయ్యారని తెలిసినప్పుడు ఆ నవ్వు రాదు.

కాగితాలు ముందు

జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే మిగతా షెంజెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో) ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు వేరే వీసా లేకుండా తిరగొచ్చు. కానీ పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ అసలువే వెంట ఉండాలి. "షెంజెన్‌లో బోర్డర్లెక్కడివి బ్రో" అంటూ ఫోన్లో ఫొటో పెట్టుకుని బస్సెక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జర్మనీ 2024 సెప్టెంబరు నుంచి తన భూసరిహద్దులన్నింటి మీదా తనిఖీలు పెట్టింది. ప్రాగ్ నుంచి రాత్రి బస్సులో తిరిగొస్తుంటే పోలీసులు మధ్యలో బస్సెక్కి సీటు సీటుకీ వచ్చి పాస్‌పోర్టు అడగడం మామూలే. ఆ టైమ్‌లో మీ పాస్‌పోర్టు బస్సు డిక్కీలోని సూట్‌కేసులో ఉండకూడదు.

కార్డు గడువు అయిపోయి, కొత్తదానికి అప్లై చేసి, చేతిలో ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ (కొత్త కార్డు వచ్చేదాకా ఇచ్చే తాత్కాలిక పత్రం) కాగితం ఒక్కటే ఉన్నవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా ఉంటారు. ఆ కాగితం ఏ సెక్షన్ కింద ఇచ్చారో దాని మీదే టిక్ పెట్టి ఉంటుంది, అన్నింటికీ ఒకే హక్కులు రావు. ఫారినర్స్ ఆఫీసుకు మెయిల్ రాయండి. జవాబు రాతపూర్వకంగా వచ్చాకే డబ్బులు కట్టండి. "నేను వెళ్లొచ్చా, ఏం కాలేదు" అని సీనియర్ అన్న చెప్పిన మాటను బోర్డర్ పోలీసుకు చూపించలేం కదా.

లండన్, డబ్లిన్ ఈ లెక్కలోకి రావు, వాటికి విడిగా వీసా కావాలి. అలాగే ఐర్లండ్‌లో చదివే ఫ్రెండ్ మీతో కలుస్తానంటే అతనికి షెంజెన్ వీసా తప్పదు. ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్ చూపించాలి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో కాలేజీ తరఫున వచ్చే బృందాలకూ ఇదే నియమం. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు. వేసవి స్లాట్ల కోసం మే నెలలో వెతకడం మొదలుపెడితే టెన్షన్ తప్ప ఏమీ దొరకదు.

ఇన్సూరెన్స్ విషయంలో ఒక మెలిక ఉంది. జర్మనీ ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు వెనకవైపు ఉండే యూరోపియన్ కార్డుతో యూరోపియన్ యూనియన్ (ఈయూ) దేశాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో అత్యవసర వైద్యం దొరుకుతుంది. అయితే ఈయూ పౌరులు కానివాళ్లకు అది డెన్మార్క్, స్విట్జర్లండ్, నార్వేలలో పనిచేయదు. మనవాళ్లకు స్విట్జర్లండ్ వెళ్లకపోతే యూరప్ చూసినట్టే ఉండదు కాబట్టి, కొన్ని యూరోలు పెట్టి విడిగా ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి.

చవక ఫ్లైట్ ఎక్కే ముందు

20 యూరోల టికెట్ దగ్గర రెండు సంగతులు చూడాలి. ఒకటి ఎయిర్‌పోర్టు ఎక్కడుందో. పారిస్ బోవే అని రాసుండే ఎయిర్‌పోర్టు పారిస్‌కు సుమారు 85 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ దానికంటే దూరం. రెండోది బ్యాగు. రయనైర్ అనే చవక విమాన సంస్థలో ఉచితంగా తీసుకెళ్లే చిన్న బ్యాగు 40, 30, 20 సెంటీమీటర్లు దాటకూడదు. గేటు దగ్గర ఇనుప చట్రంలో పెట్టి చూస్తారు, పట్టకపోతే టికెట్‌కంటే ఎక్కువే కట్టాల్సి రావచ్చు. ఈయూ పాస్‌పోర్టు లేనివాళ్లు సెక్యూరిటీకి వెళ్లే ముందే కౌంటర్‌లో వీసా చెక్ చేయించుకోవాలి. బోర్డింగ్ పాస్ ఫోన్లో ఉంది కదా అని నేరుగా గేటుకెళ్తే అక్కడి నుంచి వెనక్కి పంపుతారు.

జేబుల మీద కన్ను

పారిస్, రోమ్, బార్సిలోనా. ఈ మూడింటిలో మిమ్మల్ని కొట్టి లాక్కునేవాళ్లకంటే, మీకు తెలియకుండా తీసేవాళ్లే ఎక్కువ. గ్రూపులో ఉన్నప్పుడు మన కళ్లన్నీ మనవాళ్ల మీదే ఉంటాయి, గట్టిగా తెలుగులో మాట్లాడుకుంటూ నవ్వుకుంటూ ఉంటాం. వాళ్లు ఎదురుచూసేది సరిగ్గా అలాంటివాళ్ల కోసమే.

పారిస్ మెట్రో ఒకటో లైన్లో తలుపు పక్కన నిలబడి మ్యాప్ చూసుకుంటున్నారనుకోండి. తలుపులు మూసుకునే బజర్ మోగుతుంది. ఆ క్షణంలో ప్లాట్‌ఫాం వైపు నుంచి ఒక చెయ్యి వచ్చి ఫోన్ లాక్కుంటుంది, తలుపు మూసుకుంటుంది, రైలు కదులుతుంది. మీరు లోపల, ఫోన్ బయట. తలుపు దగ్గర ఫోన్ తీయొద్దు, అంతే. స్టేషన్ పేర్లు గోడల మీద రాసే ఉంటాయి.

మోంమార్త్ర్ కొండ మీద సాక్రే కేర్ చర్చికి వెళ్లే మెట్ల దగ్గర దారాలు పట్టుకుని కొందరు నిలబడతారు. నవ్వుతూ "ఇండియా? నమస్తే!" అంటారు, చెయ్యి పట్టుకుంటారు. గుడిలో కంకణం కట్టినంత చనువుగా దారం కట్టేసి, ముడి బిగిశాక డబ్బులడుగుతారు. ఇవ్వకపోతే నలుగురు చుట్టుముడతారు. చేతులు జేబుల్లో పెట్టుకుని ఆగకుండా నడిచివెళ్లండి. వాళ్లకు జవాబివ్వకపోతే మర్యాదేం పోదు. అట్ట పట్టుకుని సంతకం పెట్టమనే అమ్మాయిలదీ ఇదే పద్ధతి. మీరు పేరు రాస్తుంటే అట్ట కింద ఇంకో చెయ్యి మీ బ్యాగు జిప్పు తీస్తుంటుంది. మూడు గిన్నెల కింద బంతి ఎక్కడుందో చెప్పమనే ఆటలో గెలుస్తున్నట్టు కనిపించేవాళ్లంతా వాళ్ల మనుషులే.

రోమ్‌లో టెర్మినీ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64 నంబరు బస్సు జేబుదొంగలకు పేరుమోసింది. బ్యాక్‌ప్యాక్ ముందుకు వేసుకోండి. టికెట్ మెషీన్ దగ్గర అడగకుండా సాయానికొచ్చే మనిషికి రైల్వేతో సంబంధం ఉండదు. మామూలు దుస్తుల్లో వచ్చి "పోలీస్" అంటూ పర్సు తెరిచి డబ్బు చూపించమంటే, దగ్గర్లోని స్టేషన్‌కు వస్తామని చెప్పి గట్టిగా నిలబడండి. గ్రూపుగా ఉన్నందుకు నిజమైన లాభం అక్కడే కనిపిస్తుంది.

పాస్‌పోర్టులన్నీ ఒకే సంచిలో వేసి "అక్కా, నీ దగ్గర ఉంచు" అని ఒకరికి అప్పగించొద్దు. ఆ సంచి పోతే ఎనిమిది మందీ ఒకేసారి రోడ్డున పడతారు.

మెట్రోలో సగం మంది ఎక్కాక తలుపులు మూసుకుపోతే ఏం చేయాలో మొదటి రోజే మాట్లాడుకోండి. ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే ఆగాలి, మిగిలినవాళ్లు వెనక రైల్లో రావాలి. ఇద్దరూ ఒకరినొకరు వెతుక్కుంటూ బయల్దేరితే సాయంత్రం అందులోనే పోతుంది.

టికెట్ కొనడం వేరు, చెల్లడం వేరు

వియన్నా, ప్రాగ్ మెట్రోల్లో గేట్లుండవు. ప్రాగ్‌లో పేపర్ టికెట్ కొన్నాక పసుపు రంగు పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే అది ఉత్త కాగితమే. ఇటలీలో ప్రాంతీయ రైళ్ల పేపర్ టికెట్‌కూ అంతే. ఫోన్లో తీసుకుంటే రైలెక్కే ముందు చెక్ ఇన్ నొక్కాలి. పారిస్‌లో ఒక్క నవిగో ఈజీ ప్రయాణ కార్డుతో నలుగురూ కలిసి వెళ్లడం కుదరదు, ఎవరి కార్డు వాళ్లకే ఉండాలి. ఆమ్‌స్టర్‌డామ్ ట్రామ్‌లో ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండుసార్లూ కార్డు తాకించాలి. టూరిస్టులం, తెలియదండీ అంటే ఇన్‌స్పెక్టర్లు జాలిపడరు. అలాంటివాళ్లను రోజూ చూస్తుంటారు.

వెనిస్‌కి పగలు వెళ్లి పగలే తిరిగొచ్చేవాళ్లకు 2024 నుంచి కొన్ని తేదీల్లో ప్రవేశ రుసుము పెట్టారు. ముందే కడితే 5 యూరోలు. రాత్రి అక్కడే ఉండేవాళ్లు కట్టక్కర్లేదు గానీ మినహాయింపు కోడ్ తీసుకోవాలి. కొలోసియం టికెట్ల మీద పేర్లుంటాయి, పాస్‌పోర్టులోని పేరుతో సరిపోవాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న మన పాత గొడవ ఇక్కడ కూడా ఉంది కాబట్టి పాస్‌పోర్టు చూసే టైప్ చేయండి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసేస్తారు. ఈయూ దేశాల్లో నివాసముండే 26 ఏళ్ల లోపువాళ్లకు అక్కడ ఉచితం, దానికీ రెసిడెన్స్ కార్డే చూపించాలి. వాటికన్‌లో భుజాలు, మోకాళ్లు కప్పి ఉండకపోతే లోపలికి పంపరు.

డబ్బు గురించి ఒక్క ప్రాగ్ సంగతి చెప్తే చాలు. చెక్ రిపబ్లిక్‌లో యూరో కాదు, కొరునా నడుస్తుంది. రోడ్డు మీద "మంచి రేటు ఇస్తా" అని వచ్చేవాడు ఇచ్చే నోట్లు కొరునాలే కాకపోవచ్చు, చెల్లని వేరే దేశపు పాత నోట్లు అంటగడతారు. కౌంటర్‌లోనే మార్చుకుని తర్వాత మోసపోయామనిపిస్తే, 1,000 యూరోల లోపు మార్పిడిని 3 గంటల్లో రద్దు చేసుకునే హక్కు 2019 నుంచి అక్కడి చట్టంలో ఉంది, కాబట్టి రసీదు పారేయొద్దు. ఏటీఎం "యూరోల్లో లెక్కకట్టమంటారా" అని అడిగితే వద్దని నొక్కి స్థానిక కరెన్సీలోనే తీసుకోండి.

ఎండ, నీళ్లు

రోహిణి కార్తెలో పెరిగినవాళ్లం, యూరప్ ఎండ మనల్నేం చేస్తుందన్న ధీమా వద్దు. మన ఊళ్లో మధ్యాహ్నం పూట ఇంట్లో ఉంటాం. ఇక్కడ అదే టైమ్‌కి నీడ లేని రోమన్ ఫోరంలో రాళ్ల మీద నడుస్తుంటాం, రాత్రి పడుకునే హాస్టల్ గదిలో ఏసీ ఉండదు. వడగాడ్పుల రోజుల్లో ఏథెన్స్‌లో ఆక్రోపోలిస్‌నే మధ్యాహ్నం మూసేస్తున్నారు. పొద్దున్నే, సాయంత్రం తిరగండి. రోమ్ వీధుల్లో ధార కట్టి పారే చిన్న కుళాయిల నీళ్లు తాగడానికి మంచివే, సీసా నింపుకోండి.

నీళ్ల దగ్గర మాత్రం సరదా వద్దు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో కొట్టుకుపోయిన 24 మంది విద్యార్థులు హైదరాబాద్ నుంచి టూర్‌కి వెళ్లినవాళ్లే. పైనున్న డ్యామ్ నీళ్లు వదిలినప్పుడు వాళ్లు నది మధ్య రాళ్ల మీద ఉన్నారు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లోని లిన్ ఆఫ్ టుమ్మెల్ దగ్గర ఇద్దరు ఆంధ్ర విద్యార్థులు నీళ్లలో పడి చనిపోయారు. స్విట్జర్లండ్‌లోని బెర్న్‌లో ఆరే నదిలో స్థానికులు హాయిగా తేలుతూ పోతుంటే మనకూ దిగాలనిపిస్తుంది. వాళ్లు చిన్నప్పటి నుంచి ఈదినవాళ్లు. ఏ మెట్ల దగ్గర కడ్డీ పట్టుకుని బయటికి రావాలో వాళ్లకు తెలుసు. ఆఖరి మెట్లు దాటిపోతే ముందు ఆనకట్టే. పైగా ఆల్ప్స్ మంచు కరిగి వచ్చే నీళ్లు ఆగస్టులోనూ చల్లగానే ఉంటాయి. దూకగానే ఊపిరి బిగుసుకుపోయి, ఈత వచ్చినవాళ్లూ మొదటి నిమిషంలోనే మునిగిపోవచ్చు. రైన్ నదిలో పెద్ద పెద్ద సరుకు పడవలు నీటిని లోపలికి లాగుతాయి. గ్రూపులో "దూకరా మామా, వీడియో తీస్తా" అనేవాడు ఒకడుంటాడు. తలలు లెక్కపెట్టే మనిషికి అతన్ని ఆపే పని కూడా అప్పజెప్పండి. ఈత కొట్టాలనుంటే లైఫ్‌గార్డ్ ఉన్న చోటికి వెళ్లండి.

ఆమ్‌స్టర్‌డామ్‌లో గంజాయి కేకులు తిన్న గంట వరకు ఏమీ తెలియదు. పనిచేయలేదని రెండోది తిన్నవాళ్లే ఆసుపత్రికి చేరతారు. జర్మనీలో 2024 నుంచి కొంత సడలింపు ఇచ్చినా సరిహద్దు దాటించి తీసుకురావడం నేరమే, మీ వీసా దాకా వస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్ర రంగు వేసిన దారి సైకిళ్లది, ఫొటో కోసం దాని మీద నిలబడొద్దు.

పాస్‌పోర్టు పోతే

ముందు పోలీస్ రిపోర్టు, దాని కాపీ చేతికి తీసుకోండి. తర్వాత ఆ దేశంలోని మన ఎంబసీ లేదా కాన్సులేట్. నెదర్లాండ్స్‌లో ఎంబసీ ఆమ్‌స్టర్‌డామ్‌లో కాదు, హేగ్‌లో ఉంది. ఇటలీలో రోమ్‌లో ఎంబసీ, మిలన్‌లో కాన్సులేట్ ఉన్నాయి. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తామన్నారని వెంటనే తీసుకోకండి. అది ఇండియాకు తిరిగివెళ్లడానికి మాత్రమే పనికొస్తుంది, జర్మనీలోని మీ గదికి కాదు. చదువు మధ్యలో ఉన్నానని చెప్పి కొత్త పాస్‌పోర్టు గురించి అడగండి. రెసిడెన్స్ కార్డు కూడా పోయుంటే జర్మనీ ఎంబసీకీ చెప్పాలి. ఈ లోపు బ్యాంకు కార్డులు బ్లాక్ చేయించండి. ఆ నంబర్లు పోయిన ఫోన్లో కాకుండా గ్రూపులో ఇంకో ఇద్దరి దగ్గర ఉండాలి. ప్రాణం మీదికొస్తే ఈయూలో ఏ దేశంలోనైనా 112.