మీ కుక్కలో వేట బుద్ధి ఎంతుందో చూసుకోండి

ఒక పొడుగాటి కర్రకు తాడు కట్టి, చివర పాత గుడ్డముక్క ముడేయండి. గుడ్డను నేలకు ఆనించి, కుక్క ముందు నుంచి దూరంగా లాగండి. దాని మీదకు మాత్రం లాగొద్దు, ఎలుక ఎప్పుడైనా పిల్లికి ఎదురొస్తుందా! మధ్యలో ఆపి, మళ్లీ చటుక్కున కదపండి.

ఇప్పుడు గుడ్డను కాదు, కుక్కను చూడండి. వేటలో వరసగా కొన్ని అంచెలుంటాయి: కళ్లు నిలపడం, పొంచడం, తరమడం, పట్టడం, విదిలించడం. అన్ని కుక్కలూ అన్నీ చెయ్యవు. బోర్డర్ కోలీ ఒళ్లు వంచి, రెప్ప వాల్చకుండా చూస్తుంది. గ్రేహౌండ్‌కి కదలిక కనిపిస్తే చాలు, పరుగే. టెర్రియర్ పట్టుకుని తల అటూ ఇటూ గట్టిగా విదిలిస్తుంది. బీగిల్ గుడ్డను పట్టించుకోకపోతే కంగారు పడకండి, దానిది ముక్కుతో వేట. గడ్డిలో తినేదేదైనా దాచి చూడండి.

అసలు పరీక్ష గుడ్డ ఆగాక ఉంటుంది. వెంటనే వదిలేసిందా, ఇంకా వెతుకుతోందా? పిలిస్తే వెనక్కి తిరిగిందా? తిరగకపోతే బయట దాని మెడతాడు విప్పకండి.

రెండు మూడు నిమిషాలు చాలు. పిల్లకుక్కలైతే గుడ్డను పైకి ఎగరేయకండి, ఎదిగే కీళ్లకు దెబ్బ. కోడిపిల్లనో కుందేలునో పెట్టి చూద్దామనే ఆలోచన అసలే వద్దు. అది క్రూరత్వం, పైగా ఆ రుచి మరిగితే మాన్పించడం మీ వల్ల కాదు.