రక్తంలో మద్యం రిపోర్టుకూ రోగికీ పొంతన కుదరనప్పుడు

అర్ధరాత్రి క్యాజువాలిటీ నుంచి ల్యాబ్‌కు ఫోన్ వస్తుంది: "ఈ అంకె నిజమేనా?" మిషన్ చెడిపోయిందేమోనని చూసే ముందు రోగిని చూడాలి, ఆ తర్వాత శాంపిల్ ఏ దారిన వచ్చిందో అడగాలి.

సమస్య: చుక్క కూడా తాగని రోగికి మద్యం ఉన్నట్టు వచ్చింది

చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడిచారా అని అందరూ మొదట అడుగుతారు. స్పిరిట్ ఆరాక సూది గుచ్చితే పెద్ద తేడా రాదు. అయినా మద్యం లేని క్రిమినాశిని పోవిడోన్ అయోడిన్ వాడితే ఆ వాదనే ఉండదు.

అసలు దొంగ లాక్టేట్ (ఆక్సిజన్ చాలనప్పుడు శరీరంలో పేరుకునే పదార్థం). ఆసుపత్రి ల్యాబ్‌లలో వాడే ఎంజైమ్ పద్ధతి మద్యాన్ని నేరుగా కొలవదు. ఆ ఎంజైమ్ చర్యలో పుట్టే ఎన్‌ఏడీహెచ్ అనే పదార్థాన్ని 340 నానోమీటర్ల కాంతితో కొలుస్తుంది. షాక్‌లోనో సెప్సిస్‌లోనో (తీవ్ర ఇన్ఫెక్షన్‌తో అవయవాలు దెబ్బతినే స్థితి) ఉన్న రోగి రక్తంలో లాక్టేట్, దాన్ని మార్చే ఎంజైమ్ ఎల్‌డీహెచ్ రెండూ బాగా పెరిగితే అవి కూడా ఎన్‌ఏడీహెచ్‌ను తయారు చేస్తాయి. మిషన్ దాన్నీ మద్యం ఖాతాలోనే రాస్తుంది. లాక్టేట్ చూడండి. ఎక్కువగా ఉంటే మద్యాన్నే విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీతో నిర్ధారించాలి.

సమస్య: ఫోరెన్సిక్ ల్యాబ్ కంటే మన అంకె ఎక్కువ

మనం కొలిచేది సీరం (కణాలు తీసేసిన రక్తద్రవం), వాళ్లు కొలిచేది పూర్తి రక్తం. సీరంలో నీరు ఎక్కువ కాబట్టి అంకె సుమారు 1.14 రెట్లు ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లోని 30 మిల్లీగ్రాముల పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి చెప్పింది. రిపోర్టులో 'సీరం' అని తప్పక రాయండి.

సమస్య: అంకె తక్కువ వచ్చింది

మూత తెరిచి ఉంచితే మద్యం ఆవిరైపోతుంది. శాంపిల్ చెడకుండా ఫ్లోరైడ్ కలిపిన ట్యూబు నిండుగా తీసి, మూత బిగించి, పరీక్ష వేళకే తెరవాలి.

సమస్య: అంకె తక్కువే, మనిషికి మాత్రం స్పృహ లేదు

నాకు భయం కలిగించేది ఇదే. నోటి దగ్గర వాసన వస్తోంది కదా అని మంచం మీద వదిలేస్తారు. ముందు గ్లూకోమీటర్‌తో షుగర్ చూడాలి. తర్వాత తలకు సీటీ స్కాన్. కల్తీ సారా అనుమానం ఉంటే, అందులో ఉండే విషపు ఆల్కహాల్ మిథనాల్‌ను ఈ పరీక్ష పట్టుకోలేదని గుర్తుంచుకోండి. చూపు మసకబారినా, రక్తంలో ఆమ్లత పెరిగినా మిథనాల్ రిపోర్టు కోసం ఆగకుండా విరుగుడు మొదలుపెట్టి, డయాలసిస్ వాళ్లను పిలవాలి. తెలంగాణలో కల్తీ కల్లు తాగినవారిలో కారణం ఆల్ప్రజోలం, డయాజిపామ్ అనే మత్తుమందులు కావచ్చు. వాటికి మూత్ర పరీక్ష వేరే పంపాలి.

సమస్య: అంకె 300 (100 మిల్లీలీటర్లకు మిల్లీగ్రాములు), రోగి చక్కగా మాట్లాడుతున్నాడు

అలవాటు పడిన శరీరం. గంటకు 15 నుంచి 20 చొప్పున, పాత తాగుబోతుల్లో ఇంకా వేగంగా తగ్గుతుంది. వారిలో మద్యం తగ్గుతున్నందుకే, అంకె 100 దాటి ఉండగానే చేతులు వణకడం మొదలుకావచ్చు. సున్నా వచ్చాక చూద్దామనుకుంటే ఈలోపే ఫిట్స్ రావచ్చు.