కాలనీవాళ్లంతా కలిసి ఇంకుడు గుంతలు ఎలా తవ్వుకోవాలి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు భూమి కింద ఎక్కువ చోట్ల ఉన్నది గ్రానైటు, నైసు రాయి. ఈ రాయి నీళ్లు పీల్చుకోదు. పైనున్న మొరం పొరలో, దాని కింద బండ చీలికల్లో మాత్రమే నీళ్లు నిలుస్తాయి. పక్కింట్లో 600 అడుగుల బోరు వేశారని మనం 700 వేయిస్తే అదే చీలిక నీళ్లను ఇద్దరం పంచుకుంటాం, అంతే. ఆ చీలికలు నిండాలంటే పై నుంచి వాన ఇంకాలి. సీసీ రోడ్లు, టైల్స్ వేసిన వాకిళ్లు వచ్చాక ఇంకే జాగానే లేదు, పడ్డ వానంతా మోరి పాలు. ఆ వానను స్లాబు మీంచి పైపుతో తెచ్చి, రాళ్లు, కంకర, ఇసుక నింపిన గుంతలోంచి నేలలోకి దింపేదే ఇంకుడు గుంత.

ఒక్క ఇల్లు గుంత తవ్వుకుంటే తప్పేమీ లేదు. కానీ ఇంకిన నీళ్లు మన ప్రహరీ గోడ చూసి ఆగవు, చీలిక ఎటు ఉంటే అటు పోతాయి. అందుకే ఇది వాడకట్టు మొత్తం కలిసి చేయాల్సిన పని. ఇంకో మాట. గుంత తవ్వడం తేలిక; చోటు సరిగ్గా చూడటం, ఏటా ఇసుక పొర శుభ్రం చేయడం కష్టం. 40 ఇళ్ల కాలనీలో ఇంటికొకటి తవ్వి ఫొటోలు దిగి వదిలేసేకన్నా, చూసుకునే మనుషులున్న చోట 8 గుంతలు తవ్వడం నయం. ఈ వ్యాసంలో రాళ్లు, కంకర, ఇసుక లెక్క 8 గుంతలకే వేశాం.

ఎప్పుడు మొదలు పెట్టాలి?

మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. ఆ లోపు గుంతలో రాళ్లు, ఇసుక నింపి, పైపు బిగించి, మూత పడి ఉండాలి. వెనక్కి లెక్కేసుకుంటే ఫిబ్రవరిలో ఇళ్లవాళ్లతో మాట్లాడటం, మార్చిలో నేల పరీక్ష, ఉగాది దాటాక తవ్వకం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో గడ్డపార పట్టించడం పాపం. ఏప్రిల్‌లో అయినా పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి తొమ్మిదికల్లా ఆపేయండి.

గుంత ప్రైవేటు జాగాలో అయితే ఇంటి యజమాని ఒప్పుకుంటే చాలు. పార్కులో, రోడ్డు పక్కన అయితే మున్సిపాలిటీకి కాలనీ సంఘం తరఫున దరఖాస్తు ఇచ్చి, ఇంజినీరింగు విభాగం వాళ్లు వచ్చి చూశాకే పార పట్టాలి. బడిలో అయితే హెడ్మాస్టరు రాతపూర్వక అనుమతి తీసుకోండి. మంచినీళ్ల పైపు, కరెంటు కేబులు ఎటు పోయాయో అడిగి సున్నంతో గీత గీయించుకోవాలి. ఈ ఒక్క పని చేయకే చాలాచోట్ల తవ్వకం మొదటి రోజే పైపు పగిలి, వీధంతా నీళ్లు లేక, చేసిన మంచి పనికి తిట్లు పడతాయి.

ఎంత నీళ్లు వస్తాయి?

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల స్లాబు (సుమారు 1,075 చదరపు అడుగులు) మీద 25 మి.మీ. వాన కురిస్తే 2,500 లీటర్లు. స్లాబు తడిసి ఆరేది, చిమ్మిపోయేది తీసేస్తే 2,000 లీటర్లు పైపులో దిగుతాయి. ఏడాదికి 650 మి.మీ. అనుకుంటే ఇంటికి 52,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు పది! పెద్ద వాన రోజున కొంత పొర్లిపోతుంది కాబట్టి పదికి పది రావు. అయినా మీటింగులో ఈ లెక్క చెప్పండి. ట్యాంకరు కొన్నవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

5 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు గుంత అంటే 150 ఘనపుటడుగులు, అంటే 4,200 లీటర్ల పైనే అనిపిస్తుంది. కానీ లోపల రాళ్లు పోశాక మిగిలే సందులు పదింట నాలుగు వంతులే. పైన వదిలే ఖాళీ అడుగు కలుపుకుంటే సుమారు 2,000 లీటర్లు పడుతుంది. ఒక స్లాబుకు ఒక గుంత ఈ కొలతతో సరిపోతుంది. రెండు స్లాబుల నీళ్లు ఒకే గుంతకు తిప్పాలంటే వెడల్పు పెంచండి, లోతు కాదు. లోతు పెరిగేకొద్దీ అంచులు కూలే ప్రమాదం ఎక్కువ.

చోటు చూడటం

సెప్టిక్ ట్యాంకుకు కనీసం 30 అడుగుల దూరం ఉండాలి. ఇంటి పునాదికి 10 అడుగులు, నల్లరేగడి అయితే 15 అడుగులు. వంద గజాల ప్లాట్లలో ఇది సాధ్యం కాదు. అలాంటి ఇళ్లు రెండు మూడు కలిసి పార్కు మూలకో బడి ఆవరణకో పైపు వేసుకోవడమే దారి. దూరం కుదరలేదని సెప్టిక్ ట్యాంకు పక్కనే తవ్వితే మలినాన్ని మనమే భూగర్భంలోకి పంపినట్టు.

తర్వాత నేల పరీక్ష. దీన్ని ఎవరూ చేయరు, కానీ గుంత గతి ఇక్కడే తేలిపోతుంది. అనుకున్న చోట అడుగు వెడల్పు, 3 అడుగుల లోతు గుంట తీయండి. అడుగున గోడలు గడ్డపార మొనతో కొద్దిగా గీరండి, పార నునుపు చేసిన మట్టిలో నీళ్లు సరిగ్గా దిగవు. రెండు బిందెల నీళ్లు పోసి పూర్తిగా ఇంకనివ్వండి. ఎండాకాలపు పొడి నేల మొదటిసారి గటగటా తాగేస్తుంది, దాన్ని చూసి మోసపోవద్దు. ఇప్పుడు మళ్లీ అడుగు ఎత్తు నీళ్లు పోసి, అంగుళాల గుర్తులున్న పుల్ల నిలబెట్టి గంట చూడండి.

గంటకు రెండు అంగుళాలు, ఆపైన దిగితే భేషైన చోటు. ఎర్ర చెల్క, మొరం నేలల్లో ఇలా ఉంటుంది. అంగుళం దిగితే అది హద్దు: 6 అడుగులంటే 72 అంగుళాలు, గంటకు అంగుళం చొప్పున 72 గంటలు, అంటే 3 రోజులు. అంతకన్నా ఎక్కువ నిలిస్తే దోమలకు మనమే తొట్టి కట్టినట్టు, పైగా మర్నాడు వచ్చే వానకు జాగా ఉండదు. అంగుళం కూడా దిగకపోతే ఆ చోటు వదిలేయండి. నల్లరేగడిలో పైన ఇలాగే ఉంటుంది. తడిసిన రేగడి ఉబ్బి సందులు మూసేస్తుంది. కింద మొరం తగిలేదాకా పోగలిగితేనే అక్కడ తవ్వాలి. నాలుగు అడుగులకే ఖణేల్‌మని షీట్ రాక్ (పరుచుకున్న ఒకే బండ) తగిలినా అంతే, చోటు మార్చాలి.

తవ్వకం

ఒక గుంతకు ఎనిమిది మంది, రెండు పొద్దులు. మొరం గట్టిగా ఉంటే మూడు. ముందురోజు సాయంత్రం గీత గీసిన చోట నాలుగైదు బిందెల నీళ్లు పోసి ఉంచితే పొద్దున గడ్డపార దిగుతుంది. ఇద్దరు తవ్వుతారు, ఇద్దరు తట్టలు అందిస్తారు, మిగతావాళ్లు మట్టి మోస్తారు, అరగంటకోసారి మారతారు. పిల్లలను గట్టు దగ్గరికి రానివ్వొద్దు.

మట్టిని గుంత అంచుకు కనీసం 3 అడుగుల దూరంలో వేయాలి. అంచు మీదే కుప్ప పోస్తే ఆ బరువుకు గోడ లోపలికి కూలుతుంది. 4 అడుగులు దాటాక లోపల మనిషి ఒక్కడే ఉండకూడదు, పైన ఒకరు చూస్తూ ఉండాల్సిందే. తవ్విన మట్టి వదులవుతుంది కాబట్టి ఒక్కో గుంతకు దాదాపు రెండు ట్రాక్టర్ ట్రాలీలు వస్తుంది. అది ఎక్కడ పోయాలో ముందే అనుకోండి, మోరి పక్కన వదిలేస్తే తొలి వానకే మోరి పూడిపోతుంది.

జేసీబీతో గంటలో పని అయిపోతుంది, నిజమే. శ్రమదానానికి జనం రాకపోతే పిలిపించుకోండి. కాకపోతే బకెట్ గోడలను నునుపుగా నొక్కేస్తుంది. తర్వాత మనుషులు దిగి గోడలు, అడుగు గీరి గరుకు చేయాలి. అడుగున సిమెంటు, ప్లాస్టిక్ షీటు వేయొద్దు. ఎందుకు చెబుతున్నామంటే, నీళ్ల గుంత కదా అని మేస్త్రీలు అలవాటు కొద్దీ అడుగున సిమెంటు బెడ్ వేసేసిన గుంతలున్నాయి.

నింపడం

అడుగున రెండున్నర అడుగులు పెద్ద రాళ్లు, 6 నుంచి 9 అంగుళాలవి. వాటిపై అడుగున్నర 40 ఎం.ఎం. కంకర. ఆపైన అర అడుగు 20 ఎం.ఎం. కంకర. దాని మీద నైలాన్ జాలీ పరిచి అర అడుగు దొడ్డు ఇసుక. మిగిలిన అడుగు ఖాళీ.

8 గుంతలకు కలిపి కొంటే లెక్క సులువు: పెద్ద రాళ్లు 500 ఘనపుటడుగులు, 40 ఎం.ఎం. 300, 20 ఎం.ఎం. 100, ఇసుక 100. క్రషర్ నుంచి వచ్చే కంకరకు బూడిద లాంటి పొడి అంటి ఉంటుంది. కుప్ప మీద పైపుతో నీళ్లు కొట్టి కడిగాకే వేయండి. కడగని కంకర పొడి తొలి వానకే అడుగుకు దిగి బురదలా పేరుకుంటుంది. రోబో శాండ్ (రాయిని పొడి కొట్టి చేసే ఇసుక) వాడొద్దు, అందులో పొడి ఎక్కువ. వాగు ఇసుక జల్లెడ పట్టి దొడ్డుది తీసుకోండి. ఖర్చు కలిసొస్తుందని పగలగొట్టిన ఇటుక, ఇల్లు కూల్చిన శిథిలాలు పోసేవాళ్లున్నారు. సరిగ్గా కాలని ఇటుక నాని ముద్దవుతుంది, శిథిలాల్లోని సున్నం, సిమెంటు సందులు మూసేస్తాయి. రాళ్లను పై నుంచి కుమ్మరించకుండా పెద్దవి చేతితో అమర్చితే సందులు నిలుస్తాయి.

పైపు, ఛాంబరు, మూత

స్లాబు నుంచి 4 అంగుళాల పీవీసీ పైపు, ప్రతి 8 అడుగులకు ఒక అంగుళం వాలు. గుంతకు ముందు 2 అడుగుల చదరం, 2 అడుగుల లోతు ఇటుక ఛాంబరు కట్టండి. గుంతలోకి పోయే పైపు ఛాంబరు అడుగుభాగానికి ఒక అడుగు ఎత్తులో ఉంటే మట్టి, ఆకులు కిందే ఆగిపోతాయి. ఆ పైపు మూతికి జాలీ తప్పనిసరి.

ఏడాదిలో మొదటి రెండు వానల నీళ్లు గుంతలోకి పంపొద్దు. స్లాబు మీద ఆర్నెల్ల దుమ్ము, పావురాల రెట్టలు ఉంటాయి. మెత్తటి ఆ దుమ్ము ఇసుకలో ఇరుక్కుంటే గుంత సగం చచ్చినట్టే. పైపుకు ఒక టీ (మూడు మూతుల జాయింటు) పెట్టి మూత బిరడా బిగించండి. వానాకాలం మొదట్లో బిరడా తీసి ఉంచి, రెండు వానలయ్యాక మూసేయాలి. 4 అంగుళాల పైపు మీటరుకు 8 లీటర్లకు పైన కొంచెమే పడుతుంది కాబట్టి, నిలువు పైపులోనే మురికి నీళ్లు పట్టి ఉంచే ఏర్పాటు ఇంత స్లాబుకు చాలదు. వంటింటి, బాత్రూం నీళ్లు, బండ్లు కడిగిన నీళ్లు ఎప్పుడూ ఈ పైపులో కలవకూడదు.

గుంత నిండితే పొర్లే నీళ్లు పోవడానికి మోరిలోకి పైపు పెడతాం. ఆ పైపు మోరి నిండుగా పారినప్పటి మట్టం కంటే పైనే ఉండాలి. కింద ఉంటే భారీ వాన రోజున మోరి నీళ్లే వెనక్కి తన్ని గుంతలోకి వస్తాయి. పైపు పెట్టేముందు మోరి గోడ మీద మురికి చార ఎక్కడిదాకా ఉందో చూస్తే మట్టం తెలిసిపోతుంది.

గుంత చుట్టూ అడుగు ఎత్తు గోడ కట్టి, పైన షాబాద్ బండలో ఆర్‌సీసీ పలకలో వేయండి. ఒక పలక ఇద్దరు ఎత్తగలిగే బరువు ఉండాలి. ఎత్తలేని మూత వేస్తే గుంతను ఎవరూ శుభ్రం చేయరు.

బోరు దగ్గర జాగ్రత్త

బోరు కేసింగ్ పైపుకు రంధ్రాలు చేసి వాననీళ్లు నేరుగా దింపే పద్ధతి ఉంది. నిపుణుల పర్యవేక్షణ లేకుండా కాలనీవాళ్లు దాని జోలికి పోవద్దు. వడకట్టని నీళ్లు దిగితే చుట్టుపక్కల బోర్లు కూడా పాడయ్యే ప్రమాదం ఉంది. బోరుకు 10, 15 అడుగుల దూరంలో మామూలు గుంత చాలు. ఎండిన బోరును తెరిచి ఉంచితే పిల్లల ప్రాణాలకే ముప్పు. సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం వాడని బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో నింపేయాలి.

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. ఇక్కడ ఫ్లోరైడు రాయిలోంచే నీళ్లలోకి దిగుతుంది. వాననీళ్లు కలిస్తే గాఢత తగ్గవచ్చు, తగ్గకపోనూవచ్చు. గుంత తవ్వాం కదా అని బోరు నీళ్లు తాగడం మొదలుపెట్టొద్దు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపు ఉందని ప్రయోగశాల పరీక్షలో తేలేదాకా తాగడానికి మిషన్ భగీరథ నీళ్లే.

ఏటా చేయాల్సింది

ప్రతి గుంతకు ఇద్దరి పేర్లు రాసి పెట్టండి. కమిటీ అని రాస్తే ఎవరూ రారు. వానాకాలంలో ఛాంబరు మట్టిని వారానికోసారి ఎత్తాలి. మే నెలలో మూత తీసి ఇసుక పొర చూడండి. పైన సన్నటి మట్టి తొక్క కట్టి, ఎండి పెంకుల్లా లేచి ఉంటుంది. ఆ తొక్కతో పాటు రెండు అంగుళాల ఇసుక గీకేసి, కొత్త ఇసుక అంతే పోయాలి. మూడేళ్లకోసారి ఇసుకంతా తీసి, జాలీ మార్చి, 20 ఎం.ఎం. కంకర కడిగి మళ్లీ వేయాలి. నడి వానాకాలంలో నీళ్లు 3 రోజులైనా దిగకపోతే తప్పు దాదాపు ఎప్పుడూ ఇసుక పొరదే. గుంతంతా తవ్విపోయకుండా ముందు అది తీసి చూడండి.

ఫలితం కొలవాలంటే మోటారు లేని బోరునో పాత బావినో ఎంచుకుని, ముడులు వేసిన తాడుకు బరువు కట్టి నెలకోసారి మట్టం రాసుకోండి. మోటారున్న బోరులో తాడు కేబులుకు చుట్టుకుంటుంది. ఒక్క వానాకాలంలోనే తేడా కనిపించాలని చూడొద్దు, వాన ఏటా ఒకేలా పడదు.

చూసుకునే మనిషి ఊరు మారిపోయి, రెండేళ్లుగా ఎవరూ ముట్టని గుంత ఉంటే పైపును మోరికి తిప్పేసి ఆ గుంతను పక్కన పెట్టండి. అందులోని రాళ్లు, కంకర కడిగితే ఇంకో గుంతకు పనికొస్తాయి.