రక్షణ కొనుగోళ్లపై కాగ్ నివేదికను చదివే పద్ధతి

ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే రాజ్యాంగ సంస్థ కాగ్. దాని నివేదిక తెరవగానే ధర కోసం వెతక్కండి. ప్రతిపాదన, టెండరు, క్షేత్ర పరీక్షలు, ధర బేరం, సంతకం, సరఫరా ఏయే తేదీల్లో జరిగాయో ఒక కాగితంపై వరుసగా రాసుకుంటే, జాప్యం ఎక్కడ మొదలైందో మీకే కనిపిస్తుంది. ప్రతి అభ్యంతరం కింద మంత్రిత్వ శాఖ ఇచ్చిన జవాబును, దానిపై ఆడిట్ తిరిగి చెప్పిన మాటను తప్పక చదవాలి. అసలు విషయం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

2019 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చిన నివేదిక, 36 రఫేల్ యుద్ధ విమానాల ఒప్పందం 2007లో అమ్మకందారు ఇచ్చిన ధర ప్రతిపాదనతో పోలిస్తే 2.86 శాతం చవకని తేల్చింది కానీ, ధరల అంకెలను మరుగుపరిచింది. శాతం చెప్పి అంకెలు దాస్తే పౌరుడు లెక్క సరిచూసుకోలేడు, ఇది చిన్న లోపం కాదు. అలాంటిచోట పోలికలో ఏమేమి కలిపారో, బ్యాంకు గ్యారంటీ (అమ్మకందారు మాట తప్పితే డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ) ఖర్చును ఎవరి ఖాతాలో చూపారో పట్టి చూడండి. ఆపై, కాగ్ నివేదికలను పరిశీలించే పార్లమెంటు కమిటీ అయిన ప్రజా పద్దుల సంఘం ఆ అంశాన్ని చేపట్టిందేమో పార్లమెంటు వెబ్‌సైటులో వెతకండి.