ఫంగస్ పరీక్షకు రక్తం ఇచ్చే ముందు

చెన్నైలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. గూడూరు, నెల్లూరు నుంచి రోగులతో వచ్చేవాళ్లు తెలుగు వినగానే నా కౌంటర్ దగ్గరే ఆగుతారు. "అక్కా, ఫంగస్ ఉందో లేదో రక్తంలో తెలిసిపోతుందా?" అని అడుగుతారు. ఏ ఫంగస్ అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మొదటిది బ్లడ్ కల్చర్, అంటే రక్తాన్ని సీసాలో ఉంచి ఏదైనా క్రిమి పెరుగుతుందేమో చూడడం. కాండిడా అనే ఫంగస్ దీనిలో పెరుగుతుంది. పెద్దవాళ్లకు ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం పడాలి. రెండు వేర్వేరు చోట్ల నుంచి తీస్తాం. "ఇంత రక్తమా!" అని దయచేసి అడ్డుపడకండి. రక్తం తగ్గితే ఫంగస్ దొరికే అవకాశమూ తగ్గుతుంది. వీలైతే ఫంగస్ మందు మొదలుపెట్టకముందే ఇవ్వాలి, అయితే రోగి పరిస్థితి విషమంగా ఉంటే మందు ఆపి ఎదురుచూడకూడదు. లోపల కాండిడా ఉన్నా దాదాపు సగం మందిలో కల్చర్‌లో ఏమీ పెరగదు.

అందుకే బీటా డి గ్లూకాన్ అనే రక్త పరీక్ష కూడా రాస్తారు. గ్లూకాన్ ఫంగస్ కణం గోడలోని పదార్థం. ఫంగిటెల్ అనే పరీక్ష కిట్‌లో మిల్లీలీటరుకు 80 పికోగ్రాములు, అంతకు మించితే పాజిటివ్. 60 లోపు నెగటివ్. మీరు నాకు తప్పక చెప్పవలసింది ఇక్కడే ఉంది. డయాలసిస్ జరిగిందా? అల్బుమిన్, ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించారా? ఆపరేషన్‌లో గాజుగుడ్డ ఎక్కువగా వాడారా? వీటివల్ల ఫంగస్ లేకున్నా అంకె పెరగవచ్చు. డిశ్చార్జి కాగితాలు, మందుల చీటీలు అన్నీ వెంట తెండి. చీటీలో ఒక్క వరుస చూసి డాక్టరు పరీక్షను మళ్లీ చేయించిన సందర్భాలు నేను చూశాను.

గెలాక్టోమానన్ పరీక్ష ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ కోసం. దీని సూచిక 0.5 దాటితే సాధారణంగా పాజిటివ్‌గా చూస్తారు. ఫంగస్ మందు వాడుతుంటే నెగటివ్ వచ్చే వీలుంది, కాబట్టి ఆ మందు పేరు కూడా చెప్పండి.

హెచ్ఐవీ ఉండి సీడీ4 అనే రోగనిరోధక కణాలు 200 లోపు పడిపోయినవాళ్లకు, క్రిప్టోకాకస్ అనే ఫంగస్‌ను పట్టే యాంటిజెన్ పరీక్ష చేయమని అడగండి. చుక్క సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం), ఒక పట్టీ, పది నిమిషాలు. మెదడు పొరల జబ్బు లక్షణాలు కనబడడానికి కొన్ని వారాల ముందే ఇది పట్టిస్తుంది. ఇంత చిన్న పరీక్ష జరగక ప్రాణం పోవడం నాకు మింగుడుపడదు.

మ్యూకర్, అంటే బ్లాక్ ఫంగస్, గ్లూకాన్‌లోనూ గెలాక్టోమానన్‌లోనూ దొరకదు. 2021లో ఒకాయన తమ్ముడి గ్లూకాన్ రిపోర్టు పట్టుకుని "నెగటివ్ అక్కా, ఊరికి వెళ్లిపోతాం" అన్నాడు. తమ్ముడికి షుగరు, ఒక చెంప వాచి ఉంది, ముక్కులోంచి నల్లటి స్రావం. రిపోర్టు పక్కన పెట్టి, వాళ్లిద్దరినీ వెంటబెట్టుకుని చెవి-ముక్కు-గొంతు విభాగానికి నడిచాను. ఆ సాయంత్రమే కణజాలం ముక్క తీసి పరీక్షకు పంపారు.